టికెట్ ఫ్రీ సరే, బస్సేది? లింగాల పెంటల బాట గురించి మనం తేల్చుకోవాల్సిన మాట



2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మంచి పథకమే. అచ్చంపేట నుంచి నాగర్‌కర్నూల్‌కు పనికి పోయే తల్లికి రోజూ నాలుగు పైసలు మిగులుతున్నయి. కాదనే పని లేదు. కానీ బస్సే రాని పెంటలో ఉన్న మన అక్కకు ఈ పథకం ఏమిచ్చిందో చెప్పండి. జీరో టికెట్ కొట్టాలంటే ముందు బస్సెక్కాలె. బస్సెక్కాలంటే బస్సు రావాలె. బస్సు రావాలంటే బాట ఉండాలె. బాట పడాలంటే ఎక్కడో ఒక ఆఫీసులో ఒక జాబితాలో మన పెంట పేరు ఎక్కాలె.

ఆ పేరు ఎందుకు ఎక్కుతలేదు? ఎక్కాలంటే మనం ఏం చేయాలె? ఈ రాత దాని గురించే.

ఎందుకు రాస్తున్ననంటే, మనం వర్షాకాలంలో బురదలో దిగబడ్డ జీపు ఫోటో పెడతం. మంచం మీద మోసుకొస్తున్న మనిషి వీడియో పెడతం. వేలమంది చూస్తరు, "అయ్యో" అంటరు, రెండు రోజులకు మరిచిపోతరు. వచ్చే వానాకాలం మళ్ల అదే ఫోటో. బాధను చూపెట్టడం మనకు వచ్చింది. లెక్క అడగడం ఇంకా రాలేదు. రోడ్డు దయతో పడదు, లెక్కతో పడుతది. ఆ లెక్క ఎవరు రాస్తున్నరో, ఎట్ల రాస్తున్నరో తెలవకుండ మనం ఎన్ని ధర్నాలు చేసినా "పరిశీలిస్తాం" అన్న కాగితమే చేతికొస్తది.

మండలం ఒక దిక్కు, బాట ఒక దిక్కు

ముందు మన మ్యాపు చూడండి. అప్పాపూర్, భౌరాపూర్, రాంపూర్, మేడిమల్కల, సంగడిగుండాల, పుల్లాయిపల్లి, ఈర్లపెంట, అగర్లపెంట, మల్లాపూర్. కాగితం మీద ఇవి లింగాల మండలం. ఎమ్మార్వో ఆఫీసు, ఎంపీడీవో ఆఫీసు లింగాలలో. కానీ లోపలి పెంట నుంచి బండి మీద లింగాలకు రావాలంటే ఫరహాబాద్ గేటు దాటి హైదరాబాద్ - శ్రీశైలం రోడ్డెక్కి, మన్ననూరు దిగి, అచ్చంపేట పోయి, అక్కడ్నుంచి మళ్ల లింగాల దిక్కు తిరగాలె. అడవిని మొత్తం చుట్టుముట్టి వచ్చినట్టు. అడ్డంగా కాలిబాట ఉన్నది, మన తాతలు నడిచిందే. కానీ జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొని, నిండిన వాగు దాటుకుంట ఆ బాట నడవమని ఎవరికి చెప్తం?

దీనికి తోడు మన పనులు ఒక్క ఊర్లో తెగవు. కులం సర్టిఫికెట్‌కు లింగాల. ఐటీడీఏ పనికి మన్ననూరు. పెద్ద ఆసుపత్రికి అచ్చంపేట. కలెక్టర్ ప్రజావాణికి నాగర్‌కర్నూల్. మైదానంలో ఉన్నోళ్లకు ఇవి నాలుగు బస్టాండ్లు. మనకు నాలుగు రోజుల కూలి. ఒక సర్టిఫికెట్ మీద పేరు తప్పు పడితే దాన్ని దిద్దించడానికి మళ్ల అంతే. పింఛన్ ఆగిపోయిన అవ్వ "పోతే పోనీ బిడ్డా" అని ఊకుంటున్నదంటే, అది ఆమె తెలవనితనం కాదు. ఆమె లెక్క కరెక్టే. వచ్చే పైసల కంటే తిరిగే ఖర్చు ఎక్కువ.

మండలాల గీతలు గీసినప్పుడు, 2016లో నాగర్‌కర్నూల్ జిల్లా చేసినప్పుడు, 2018లో తండాలను గూడేలను పంచాయతీలుగా చేసినప్పుడు "ఈ పెంట మనిషి బండి మీద ఎటు పోతడు?" అన్న ప్రశ్న గట్టిగ అడగాల్సింది. గీతలు మ్యాపు మీద పడ్డయి. మన నడక మాత్రం పాత తీరుగనే ఉన్నది.

తలల లెక్క

ఇప్పుడు అసలు చిక్కు కాడికి వద్దాం. ఊర్లకు రోడ్లు వేయడానికి కేంద్రం పెట్టిన పెద్ద పథకం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. 2000 డిసెంబర్ 25న మొదలైంది. దాని నియమం సాదా: మైదానంలో 500 జనాభా ఉన్న ఊరికి రోడ్డు, కొండల్లో, ఐదో షెడ్యూల్ ప్రాంతాల్లో 250 జనాభా ఉంటే రోడ్డు. 2024లో ఒప్పుకున్న నాలుగో విడతలో కూడా మనలాంటి ప్రాంతానికి లెక్క 250 కాడనే ఉన్నది.

మన పెంటలో ఎంతమంది? ఇరవై ఇండ్లున్న పెంటలో ఇంటికి నలుగురు చొప్పున వేసినా ఎనభై. నలభై ఇండ్లుంటే నూట అరవై. ఆ ఎత్తులో పెట్టిన గీతను పెంట ఎట్ల అందుకుంటది? పక్క పెంటతో కలిపి లెక్కపెట్టమంటే, మైదానంలో 500 మీటర్ల లోపల ఉన్న ఇండ్లనే కలుపుతమంటరు. కొండ ప్రాంతంగా గుర్తించిన చోట ఒకటిన్నర కిలోమీటరు నడక దూరం. మన పెంటకూ పెంటకూ మధ్యల వాగులు, గుట్టలు, కిలోమీటర్ల అడవి. కలవదు. ఇంకోటి చూడండి, ఆ పథకం దృష్టిలో "ఆవాసం" అంటే కాలంతో జాగ మారనిది. తేనె కాలంలో ఒక తావు, మిగతా కాలంలో ఒక తావు ఉండే చెంచు బతుకు ఆ నిర్వచనంలో పట్టనే పట్టదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. పెంట చిన్నగ ఎందుకుంటది? హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద మన పెద్దల మధ్య తిరిగి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చేయించిండు. గుంపు చిన్నగ ఉండడం, ఒక్కో గుంపుకు ఇంత అడవి అని ఉండడం ఆయన కూడ రాసిండు. గడ్డలు, తేనె, జిగురు, చింతపండు, వేట - వీటి మీద బతికే మనుషులు వందల ఇండ్లు ఒక్కకాడ కడితే ఆ చుట్టుపక్కల అడవి రెండేండ్లు తట్టుకోదు. అందుకని పది ఇండ్లు ఇక్కడ, ఇరవై ఇండ్లు అక్కడ. పెంట చిన్నగ ఉండడం వెనకబాటు కాదు, అడవిని అలగొట్టకుండ బతికే లెక్క. అడవి ఇంకా మిగిలిందంటే ఆ లెక్క పనిచేసినట్టే. ఇప్పుడు అదే లెక్కకు సర్కారు వేసిన శిక్ష ఏంటంటే, మీరు తక్కువమంది గాబట్టి రోడ్డు లేదు.

అంటే మనం అడగాల్సింది "మాకూ ఒక రోడ్డు ఇయ్యండి" అని కాదు. "మా బతుకు తీరును మీ గీత ఎందుకు గుర్తించదు?" అని.

కొంచెం గుర్తించిన పథకం ఒకటి వచ్చింది. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం-జన్‌మన్. దేశంలోని 75 ఆదిమ తెగల కోసం, మన చెంచులు కూడ అందులో ఉన్నరు. మొత్తం 24,104 కోట్లు. అందులో 8,000 కిలోమీటర్ల రోడ్లు. జనాభా గీతను 100కు దించిన్రు. ఇది కొట్లాడి తెచ్చుకున్నంత పెద్ద మార్పు. కానీ ఎనభై మంది ఉన్న పెంట ఇంకా గీత కిందనే ఉన్నది గదా? పైగా ఈ పథకానికి మొదట పెట్టుకున్న గడువు 2025-26 దాకనే. మీ పెంట పేరు ఆ జాబితాలో ఉన్నదా, లేదా? ఉంటే ఏ దశలో ఉన్నది? ఇది ఐటీడీఏలో, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ ఆఫీసులో అడిగితే చెప్పాల్సిన సంగతి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి.

ఇంకో కాగితం గురించి కూడ చెప్పాలె. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వులో పాత మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేట తాలూకా ఊర్ల పేర్లు వరుసగా ఉన్నయి. స్పెల్లింగులు అటూ ఇటూ ఉన్నా అప్పాపూర్ ఉన్నది, రాంపూర్ ఉన్నది, మల్లాపూర్, మేడిమల్కల, ఈర్లపెంట, అగర్లపెంట, పుల్లాయిపల్లి ఉన్నయి. ఇంకా ఎన్నో పెంటలు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదే మన పెంటలకు పేరు పేరునా గుర్తింపు ఇచ్చిన దేశం, డెబ్బై అయిదేండ్ల తర్వాత "మీ పెంట మా లెక్కలో లేదు" అంటే ఎట్ల? ఆ జాబితా తీసి ప్రింటు కొట్టి దగ్గర పెట్టుకోండి. ఒక్కో పేరు ముందల "బండి వస్తదా? వానాకాలం వస్తదా?" అని రెండు గళ్లు గీసి నింపండి. దానికంటే గట్టి వినతిపత్రం ఇంకోటి ఉండదు.

చట్టం నిజంగ అడ్డమా?

రోడ్డు అడగ్గానే వచ్చే జవాబు మీకు తెలుసు: "ఇది అడవి, పైగా టైగర్ రిజర్వ్, పర్మిషన్ రాదు."

సగం నిజం, సగం మనకు తెలవదన్న ధీమా. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు. మన పెంటలు చాలవరకు దాని కోర్‌లో ఉన్నయి. అక్కడ అనుమతులు కఠినమే. కానీ 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రేషన్ షాపు, కరెంటు లైను, మంచినీళ్ల పైపు లాంటి 13 సౌకర్యాలకు అటవీ భూమి ఇయ్యొచ్చు, 1980 అటవీ సంరక్షణ చట్టం దానికి అడ్డం రాదు అని అందులో ఉన్నది. ఆ 13 లో రోడ్లు కూడ ఒకటి. షరతులు మూడే. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపల భూమి, హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టొద్దు, గ్రామసభ సిఫారసు చేయాలె. 2009 మేలో గిరిజన మంత్రిత్వశాఖ దీనికి పద్ధతి కూడ రాసిచ్చింది: పని చేసే శాఖ ప్రతిపాదన గ్రామసభ ముందు పెట్టాలె, సగం మంది సభ్యులు కూసున్న సభ తీర్మానం చేయాలె, రేంజ్ ఆఫీసర్ జాగ చూడాలె, డీఎఫ్‌వో తేల్చాలె. ఇది ఢిల్లీ దాకా పోవాల్సిన ఫైలు కాదు.

లోపం కూడ చెప్పుకుందాం. ఒక హెక్టారు అంటే పది వేల చదరపు మీటర్లు. నాలుగు మీటర్ల వెడల్పు బాట వేస్తే రెండున్నర కిలోమీటర్లు వస్తది. అంతే. రెండు పెంటల మధ్య అంతకంటే దూరముంటే ఈ సెక్షన్ ఒక్కటే సరిపోదు. అదీగాక పులుల కోర్‌లో వన్యప్రాణి చట్టం దిక్కు నుంచి వేరే ప్రశ్న వస్తది. కాబట్టి "చట్టం ఉన్నది, రేపు రోడ్డు పడ్తది" అని జనానికి చెప్పకండి. కానీ వాగు మీద కల్వర్టుకు, దిగబడే కాడ మొరం పోయడానికి, కూలిన కాజ్‌వే మళ్ల కట్టడానికి ఎన్ని హెక్టార్లు కావాలె? మన బాటల్లో బండి ఆగిపోయేది మొత్తం దారిలో కాదు, నాలుగైదు జాగల్లో. ఆ నాలుగైదు జాగలు ఏవో డ్రైవర్లకు తెలుసు, మనకు తెలుసు. ఇంజనీరు ఫైల్లో ఉన్నయా?

గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసు కాడ జరిగే పెద్ద మీటింగే అనుకోకండి. పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం రెండూ ఆవాసం స్థాయి సభను గుర్తిస్తయి. మీ పెంటే ఒక సభ. పది పెంటలకు కలిపి ఒక పంచాయతీ ఉన్నంత మాత్రాన, మేడిమల్కల బాట సంగతి ఇంకో పెంటలో కూసోని తేల్చే పని లేదు.

రోడ్డు వద్దనే పెద్దల మాట

మనలోనే ఒక మాట ఉన్నది. "రోడ్డు పడితే మనకంటే ముందు వాళ్లొస్తరు." ఈ మాట చెప్పిన పెద్దమనిషిని పాతకాలం మనిషని పక్కకు పెట్టకండి. ఆయన చూసినంత మనం చూడలేదు. బాట వెంబడి వడ్డీ వ్యాపారి వచ్చిండు, సారా వచ్చింది, కలప లారీ వచ్చింది. యురేనియం కథ ఇంకా పాతబడలేదు. 2019లో అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతుకులాటకు ఢిల్లీలో కమిటీ తలూపింది. జనం లేచిన్రు, అదే ఏడాది సెప్టెంబర్ 16న రాష్ట్ర అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. ఆ బోర్లు వేయాల్సొస్తే మిషన్లు గాలిలో రావు గదా, బాటల మీదనే రావాలె. ఒడిశా నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు బాక్సైట్ గనిని వద్దన్నయి. అక్కడ కూడ డోంగ్రియా కోంధులు "ఈ రోడ్డు ఎవరికోసం?" అని అడుగుతనే ఉన్నరు.

అందుకే నా మాట ఇది. రోడ్డు కావాల్నా వద్దా అని మనం రెండు వర్గాలై కొట్లాడుకోవద్దు. ఎంత వెడల్పు, ఎక్కడ్నుంచి ఎక్కడికి, ఏ బండ్లకు, గేటు తాళం ఎవరి చేతిలో - ఈ నాలుగూ గ్రామసభ తేల్చాలె. పెంట కాడ ఆగిపోయే బాట వేరు, పెంటను దాటి అవతలి దాకా పోయే బాట వేరు. మొదటిది మనకోసం. రెండోది ఎవరికోసమో అడగాల్సిందే. నాలుగు లైన్ల తారు ఎవరూ అడుగుతలేరు. వానాకాలం జీపు దిగబడకుండ చక్రాల కింద రెండు సిమెంటు పట్టీలు, వాగుల మీద కల్వర్టులు ఉంటే చాలా పెంటలకు సరిపోతది. వద్దనుకునే పెంట ఉంటే దాని తీర్మానానికి కూడ అంతే విలువ ఇయ్యాలె. అట్లాంటి పెంటకు బాట బదులు నెలకు ఇన్నిసార్లు డాక్టరు, రేషను నడిచి రావాలని రాయించుకోవచ్చు.

పులి పేరు మీద

అటవీశాఖ వాళ్లు చెప్పేది మొత్తం అబద్ధం కాదు. రోడ్లు అడవిని ముక్కలు చేస్తయి. రాత్రి లైట్ల ముందల జంతువులు చస్తయి. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు కాడ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు ఆపుతున్నరంటే దానికి కారణం ఉన్నది. మనం దాన్ని వద్దంటలేం. అడవి జంతువు సుఖంగ ఉండాలనేది మనకు ఎవరో నేర్పాల్సిన పాఠం కాదు.

కానీ నష్టం చేసేది బాట ఉండడం కంటే బాట మీద తిరిగే బండ్ల సంఖ్య, వేగం, వేళ. శ్రీశైలం పోయే వేల బండ్లనూ, పెంటకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిరిగే జీపునూ ఒక్క తక్కెట్ల ఎట్ల తూస్తరు? బండీపూర్‌లో కూడ 9 నుంచి 6 దాకా నిషేధం ఉన్నది. అక్కడ అంబులెన్సులకు, కొన్ని ఆర్టీసీ బస్సులకు మినహాయింపు రాసి ఇచ్చిన్రు. మనం అడిగేది అదే: పెంట మనుషులకు, ఆపదలో ఉన్న బండికి ఏ వేళలో ఏం వెసులుబాటు ఉన్నదో గేటు కాడ తెలుగులో బోర్డు మీద ఉండాలె. కాన్పు నొప్పులతో ఉన్న తల్లి గేటు దాటడం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి మంచితనం మీద ఆధారపడొద్దు.

మన్ననూరు నుంచి శ్రీశైలం దిక్కు పైనుంచి పోయే ఎలివేటెడ్ కారిడార్ ప్రతిపాదన వచ్చింది. వేల కోట్ల ముచ్చట. పులులకు మేలే అంటున్నరు, కావొచ్చు. మనం అడగాల్సిన ప్రశ్నలు రెండున్నయి. పైనుంచి పోయే రోడ్డును కింద ఉన్నోళ్లు ఎక్కడ ఎక్కాలె, ఎక్కడ దిగాలె? ఇప్పుడున్న కింది రోడ్డును ఉంచుతరా, మూస్తరా? మూస్తే ఆ రోడ్డును పట్టుకొని బతికే పెంటలన్నీ ఒక్కరోజులో ఇంకింత లోపలికి పోయినట్టే. ఈ ప్రశ్నలు డ్రాయింగు అయిపోయినంక అడిగితే లాభం లేదు, ఇప్పుడే అడగాలె.

ఇంకో మాట మెల్లగ తిరుగుతున్నది: "బయటికి రండి, 15 లక్షల ప్యాకేజీ ఉన్నది, రోడ్డు పక్కన ఇల్లు కట్టిస్తం." 2024 జూన్‌లో పులుల ప్రాధికార సంస్థ దేశంలోని కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 ఊర్లు, 64,801 కుటుంబాలు ఉన్నయని, తరలింపు మీద దృష్టి పెట్టాలని రాష్ట్రాలకు రాసింది. ఇష్టపడి పోయే కుటుంబాన్ని మనం ఆపలేం, ఆపొద్దు కూడ. కానీ ఇష్టం అంటే ఏంది? బాట ఆపి, బడి ఆపి, డాక్టరు రాకుండ చేసి, ఇరవై ఏండ్లకు "మీ ఇష్టమేనా?" అని అడిగితే వచ్చే ఊఁ ఇష్టం కాదు. విసుగు. స్వేచ్ఛగా, అన్నీ తెలిసి గ్రామసభ ఒప్పుకోవాలని అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(2) చెప్తున్నది. ఉన్నచోట సౌకర్యం ఇచ్చిన తర్వాత అడిగితేనే అది నిజమైన ప్రశ్న. ఈ బాట కొట్లాట వెనక ఉన్న అసలు పందెం ఇదే. బాట పోగొట్టుకుంటే ఒక బాటే కాదు, ఉండాల్నా పోవాల్నా అని తేల్చుకునే హక్కు పోతది.

బాట కంటే ముందు బండి

సలేశ్వరం జాతర యాది చేసుకోండి. చైత్ర పున్నమికి లక్షలమంది వస్తరు. ఆ మూడు నాలుగు రోజులు బండ్లు రాంపూర్ దాకా బారులు కడతయి. మట్టి సరిచేస్తరు, నీళ్ల ట్యాంకర్లు పెడతరు, అచ్చంపేట నుంచి స్పెషల్ బస్సులు. అంటే బండి పోయే దారి ఉన్నది, నడిపే డ్రైవర్లున్నరు, గేటు తీసే పద్ధతీ ఉన్నది. దేవుని కాడికి మొక్కు తీర్చుకోను వచ్చేటోళ్లకు నాలుగు రోజులు అయ్యే పని, ఆ దేవునికి పూజ చేసే చెంచు పూజారి ఇంటోళ్లకు మిగతా 361 రోజులు ఎందుకు కాదు?

సఫారీ బండ్లు కూడ చూడండి. పొద్దున బయట మొదలై లోపలికి వస్తయి, చూసుకొని బయటికి పోతయి. జాతర బస్సు కూడ అంతే. వచ్చేటోని టైంటేబుల్ అది. పెంట మనిషికి కావాల్సింది దానికి తిరగేసింది: పొద్దుగాల పెంటలో మొదలై బయటికి పోవాలె, పని చూసుకున్నంక సాయంత్రం మళ్ల పెంటకు చేరాలె. మైదానం ఊర్లకు ఆర్టీసీ నైట్‌హాల్ట్ బస్సులు ఇందుకే ఉంటయి. బండి రాత్రి ఎక్కడ పడుకుంటదో, అది ఆ ఊరి బండి.

50 సీట్ల బస్సు కావాలని ఎవరూ పట్టుబట్టరు. నిండదు, మలుపు తిరగదు, ఆర్టీసీ వాళ్లు లాభం లేదంటరు. ఒక జీపో, చిన్న వ్యానో చాలు. పెంట పిల్లగాడే నడపాలె, బండి పెంటలోనే ఉండాలె, ఐటీడీఏ కిలోమీటర్ లెక్కన కిరాయి కట్టాలె. మహాలక్ష్మి కింద పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ల టికెట్ పైసలు సర్కారు ఆర్టీసీకి కడుతున్నది. బస్సు పోలేని షెడ్యూల్డ్ ప్రాంతంలో అదే పైసను ఈ చిన్న బండికి కట్టమని అడగడం అన్యాయమైన కోరికా? వారంలో ఒకరోజు లింగాల ఆఫీసులకు, ఒకరోజు అంగడికి, ఒకరోజు ఆసుపత్రికి. దసరాకు, సంక్రాంతికి ఆశ్రమ పాఠశాల పిల్లలను తీసుకొచ్చి, సెలవులు అయిపోయిన రోజు మళ్ల దించిరావడానికి. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లను తిరిగి బడికి చేర్చే బండి లేక చదువు ఆగిపోతే దాన్ని "డ్రాపౌట్" అని రాస్తరు. పిల్ల బడి మానలేదు. బండే రాలేదు.

ఆపద వేళకు వేరే ఏర్పాటు కావాలె. ఆంధ్ర దిక్కు ఏజెన్సీలో 2018లో బైకు మీద నడిచే ఫీడర్ అంబులెన్సులు పెట్టిన్రు. సాలూరులో నెలలు నిండిన తల్లులను ముందే తీసుకొచ్చి ఉంచే వసతి గృహం పెట్టిన్రు. బాట పడేదాకా ప్రాణాలు ఆగవు కాబట్టి ఇవి కూడ మన తీర్మానంలో ఉండాలె. కానీ జాగ్రత్త, వీటిని చూపెట్టి "ఇంక బాట ఎందుకు?" అనే అవకాశం ఇయ్యకండి.

ఏం చేద్దాం

చదివి షేర్ కొట్టి వదిలేయకండి. చదువుకున్నోళ్లు పెంటకు ఇద్దరు ముగ్గురున్నా ఈ పని అయితది.

1. ఒక నెలపాటు నోట్‌బుక్ పెట్టండి. ఎవరు, ఎక్కడికి, ఏ పనికి, ఎట్ల పోయిన్రు, ఎంత ఖర్చు, ఎన్ని గంటలు, పని అయిందా లేదా. సర్కారు కాడ లేని లెక్క ఇది. మన కాడ ఉంటే మాట మారుతది.

2. మీ బాటలో బండి ఆగే జాగలను ఫోన్‌లో లొకేషన్ తోటి ఫోటో తీయండి. వానాకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి. "మొత్తం రోడ్డు వేయండి" అన్న కాగితం కంటే "ఈ అయిదు జాగలు బాగుచేయండి" అన్న కాగితాన్ని పక్కన పెట్టడం కష్టం.

3. పెంట సభ పెట్టండి. ఆడవాళ్లు లేకుండ పెట్టకండి. నీళ్లకు, కాన్పుకు, రేషనుకు ఎక్కువ నడిచేది వాళ్లే. సగం మంది కంటే తక్కువుంటే ఇంకోరోజు పెట్టండి. వెడల్పు, హద్దు, బండ్లు, గేటు - నాలుగూ రాసి సంతకాలు, వేలిముద్రలు వేయించండి.

4. ఆ తీర్మానం కాపీలు ఐటీడీఏకు, డీఎఫ్‌వోకు, కలెక్టర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. సెక్షన్ 3(2) అని పైన రాయండి. పీఎం-జన్‌మన్ జాబితాలో మీ పెంట స్థితి ఏందో అదే రోజు అడగండి.

5. హ్యాబిటాట్ హక్కుల దరఖాస్తు మొదలుపెట్టండి. ఆదిమ తెగలకు అటవీ హక్కుల చట్టం 3(1)(ఇ) కింద అది ఉన్నది. మధ్యప్రదేశ్ డిండోరిలో బైగాలు దేశంలోనే మొదట తెచ్చుకున్నరు. ఏ బాట మనది, ఏ వాగు మనది, ఏ గుడి మనది అని మనమే గీసే మ్యాపు అది. ఆ మ్యాపు ఉంటే రేపు ఏ రోడ్డు వచ్చినా, ఏ గని వచ్చినా ముందు మన గీతను దాటాలె.

బయట నుంచి మద్దతిచ్చే మిత్రులకు ఒక మాట. మీరు అడవిలోకి దుప్పట్లు, బియ్యం తెస్తరు, మంచిదే. ఈసారి వచ్చేటప్పుడు ఒక సర్వేయర్ స్నేహితుడినో, సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలనో వెంట తీసుకురండి. అయిదు కల్వర్టుల అంచనా వేసిస్తే అది పది ఏండ్లు పనికొస్తది.

తమ్మీ, చెల్లె, ఈ వానాకాలానికి ముందే నోట్‌బుక్ మొదలుపెట్టండి. మొదటి పేజీ మీద మీ పెంట పేరు, ఇండ్ల సంఖ్య రాయండి. ఎనభై మందే ఉంటే ఎనభై అనే రాయండి. దాచొద్దు, పెంచొద్దు. ఎనభై మందికి కూడ బండి రావాలెననేదే మన కొట్లాట.